తీతువు పెట్టుకున్న అర్జీ

రెండు కొండల నడుమ నల్లమడుగు ఉంది. ఎండలు ముదిరాయంటే చుట్టుపక్కల అడవికంతటికీ అదొక్కటే నీళ్లచోటు. జింక గానీ కుందేలు గానీ కౌజుపిట్ట గానీ దాహమేస్తే అక్కడికి రావలసిందే. వాళ్లొస్తారని రేచుకుక్కలకూ తెలుసు. ఇన్నేళ్లూ ఒడ్డునున్న చెట్టెక్కి కాపలా కాసిన కొండముచ్చు తాతకు చూపు తగ్గింది. ఆ వేసవిలో మూడు జింకపిల్లలు పోయాయి. మూడోది పోయిననాడు తాతే స్వయంగా వచ్చి, ఇక తనవల్ల కాదని చెప్పి చెట్టు దిగిపోయాడు.

ఏనుగు గౌరమ్మ ఆ అడవికి పెద్ద. కొత్త కాపలాదారు కావాలని ఆమె చాటింపు వేయించింది. పని కావాలనుకున్నవాళ్లు తమ పనితనం తాటాకు మీద రాసి అర్జీ పెట్టుకోవాలి. పౌర్ణమి మర్నాడు పొద్దున అందరి ముందూ నిలబడి అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఎంపికైనవాళ్లు మడుగు మధ్యనున్న గులకరాళ్ల దిబ్బ మీద కాపురం ఉండొచ్చు.

ఆ దిబ్బ మాట వినగానే తీతువు నూకాలుకు ప్రాణం లేచొచ్చింది. తీతువులు గూళ్లు కట్టవు. గులకరాళ్ల మధ్య నేలమీదే గుడ్లు పెడతాయి. నూకాలు రెండేళ్లు ఊరి శివారు శనగచేలో బతికింది. ఆ చేను దున్నిన రోజున ఆమె నాలుగు గుడ్లూ ట్రాక్టరు కింద పోయాయి. మళ్లీ గుడ్లు పెట్టే వేళ దగ్గర పడుతోంది. చుట్టూ నీళ్లున్న దిబ్బను మించిన పదిలమైన చోటు ఆమెకింక ఎక్కడ దొరుకుతుంది?

అర్జీ రాయడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. అక్షరాలు వచ్చు గానీ తన రాత కోడి గెలికినట్టుంటుందని ఆమెకు సిగ్గు. అడవిలో మంచి దస్తూరి నక్క బుచ్చన్నది. చిన్నప్పుడు బడి వెనకాల పెరిగినవాడు. ఆమె వెళ్లి అడగ్గానే, అదెంత పని చెల్లెమ్మా అని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

శనగచేలో ఏం చేసేదానివని అడిగాడు. నూకాలు ఉన్నదంతా చెప్పింది. పాము వచ్చినా గద్ద వచ్చినా కుక్క వచ్చినా తనే ముందు చూసి కూసేది. ఆ కూత విని కౌజుపిట్టలూ కుందేళ్లూ తప్పించుకునేవి. బుచ్చన్న తల ఊపుతూ విన్నాడు. కొన్ని సంగతులు రెండోసారి చెప్పించుకున్నాడు. అంతా అయ్యాక పెదవి విరిచాడు.

"ఇవేవీ రాయకూడదు చెల్లెమ్మా. తీతువు కూస్తే కీడని లోకమంతా అనుకుంటుంది. నీ కూత సంగతి ఎత్తితే ఆ ఆకు అక్కడే చింపేస్తారు."

ఆ మాట నూకాలుకు గుచ్చుకుంది. అబద్ధం కాదు గదా. ఆమె కూసినందుకు మట్టిబెడ్డలు విసిరినవాళ్లే ఎక్కువ. సరే అన్నా, నీకు తోచినట్టు రాయి అంది. బుచ్చన్న ముల్లుతో అక్షరాలు గుండ్రంగా చెక్కాడు. నూకాలుది నెమళ్ల వంశమట. అయిదు అడవుల్లో కాపలా కాసిందట. ఒకసారి డేగను నేలకు దించిందట. ఆమె చేతులెత్తి మొక్కినంత పనిచేసి ఆకు పట్టుకుని ఎగిరిపోయింది.

దారిలో ముసలి ఎద్దు గంగులు కనిపించాడు. కాడి మోసే సత్తువ తగ్గాక రైతు వదిలేస్తే, అడవి అంచున గడ్డి మేస్తూ బతుకుతున్నాడు. ఆ మురిపెంలో నూకాలు ఆయనకూ ఆకు చూపించింది. నాకు చదువు రాదమ్మా, నువ్వే చదివి వినిపించు అన్నాడు. ఆమె మొదలుపెట్టింది. మొదటి వరుస హుషారుగా చదివింది. రెండోది మెల్లగా చదివింది. డేగ దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేసింది.

గంగులు నవ్వలేదు. నెమరు ఆపి, "అంతా బాగుంది గానీ, ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అని అడిగాడు.

నూకాలు తల దించుకుంది. నక్క చెప్పిన మాటలన్నీ చెప్పింది. తన దగ్గర చెప్పుకోవడానికి ఆ పాడు కూత తప్ప ఇంకేమీ లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది.

గంగులు తన సంగతి చెప్పాడు. "నన్ను ఏడుసార్లు సంతలో నిలబెట్టారు. కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి మరీ నిలబెట్టేవాళ్లు. కొనేవాడు ఆ రంగు చూడడమ్మా. నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. గౌరమ్మ కూడా అంతే. కాపలాకు కావలసింది చూపు, కూత. నీ దగ్గర ఉన్నవి ఆ రెండే. వాటినే దాచిపెట్టి నెమలీకలు చూపిస్తానంటావేం?"

పిట్ట కొంచెం కూత ఘనం అన్నది ఎవరి గురించి అనుకున్నావని కూడా అడిగాడు.

మర్నాటినుంచి రోజూ పొద్దున్నే నూకాలు ఆయన దగ్గరికి వచ్చేది. ఆయన మేస్తూ అడిగేవాడు, ఆమె చెప్పేది. చేలో ఎక్కడ నిలబడేదానివి? పామును దేన్నిబట్టి పసిగట్టేదానివి? కుక్క వస్తే ఏమని కూసేదానివి? అడిగినకొద్దీ, తనకే తెలియకుండా తనకు ఎంత తెలుసో నూకాలుకు అర్థమవసాగింది. జవాబు పొడుగైతే గంగులు తోక ఝాడించేవాడు. ఆమె తగ్గించి మళ్లీ చెప్పేది.

మూడోరోజు ఆయన, నీవల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పమన్నాడు. నూకాలు ఆరోజు నోరు విప్పకుండానే వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి చెప్పింది.  గంగులు అంతా విని, అడిగితే అది కూడా దాచకు అన్నాడు. తప్పు దగ్గరే ఆగిపోకుండా, దాని తర్వాత ఏం చేశావో అదీ చెప్పమన్నాడు.

బుచ్చన్న రాసిన ఆకు పారేసి, అర్జీ తన చేత్తోనే రాసుకుంది. రాత వంకరటింకరగానే ఉంది. ఆరు వరుసలు. అన్నీ జరిగినవే.

పౌర్ణమి మర్నాడు మడుగు ఒడ్డున అడవంతా చేరింది. నెమలి వచ్చి జవాబులకు బదులు పురివిప్పి ఆడింది. ఉడుము ప్రశ్న పూర్తి కాకముందే కునుకు తీసింది. తర్వాత బుచ్చన్న లేచాడు. ఆ పని తనకే కావాలని అతను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీళ్లకొచ్చే పిల్లాజెల్లా అంతా కాపలాదారు కళ్లముందు నుంచే పోవాలి గదా. కంచే చేను మేస్తే అడిగేదెవరు?

బుచ్చన్న గొంతు సవరించుకుని తన అర్జీ చదివాడు. శనగచేలో రెండేళ్లు కాపలా కాశాడట. పామొచ్చినా గద్దొచ్చినా కుక్కొచ్చినా ముందుగా చూసి అరిచి, కౌజుపిట్టల్నీ కుందేళ్లనీ కాపాడాడట.

నూకాలు వింటోంది. తన బతుకు వరుస తప్పకుండా అతని నోట వినిపిస్తోంది. రాయకూడదన్న మాటలన్నీ అతను తనకోసం రాసుకున్నాడు. ఇప్పుడు తన ఆకు చదివితే తనే కాపీ కొట్టిందంటారు. వెనక్కి తిరిగి చూసింది. అక్కడ గంగులు నిలబడి ఉన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పు, అంతే అన్నాడు.

గౌరమ్మ బుచ్చన్న ఆకునూ నూకాలు ఆకునూ తొండంతో ఎత్తి పక్కపక్కన పెట్టుకుని చదివింది. ఒకటి ముత్యాల్లాంటి రాత, ఒకటి కోడిగీతలు. సంగతి మాత్రం ఒకటే. ఆమె ఎవరినీ గద్దించలేదు. కాపలాలో ఎప్పుడైనా పొరపాటు జరిగిందా అని ముందు బుచ్చన్ననే అడిగింది.

"నా వల్లా? ఒక్కటి కూడా లేదు పెద్దమ్మా," అన్నాడు బుచ్చన్న.

అదే ప్రశ్న నూకాలును అడిగింది.

"జరిగింది పెద్దమ్మా," అంది నూకాలు. "మొదట్లో అన్నిటికీ ఒకే కూత కూసేదాన్ని. ఆఖరికి బండి నీడ పడినా కూసేదాన్ని. నాలుగు రోజులకు నా కూత ఎవరూ పట్టించుకోవడం మానేశారు. అయిదోరోజు నిజంగానే పాము వచ్చింది. కూశాను. ఎవరూ కదల్లేదు. కౌజుపిట్ట పిల్లలు రెండు పోయాయి. ఆనాటి నుంచి పాముకొక కూత, గద్దకొక కూత, కుక్కకొక కూత పెట్టుకున్నాను. చూసింది నిజమని తేలకుండా నోరు తెరవలేదు."

 గౌరమ్మ, అయితే ఆ మూడు కూతలూ కూసి చూపించమని ఇద్దర్నీ అడిగింది. బుచ్చన్న తల పైకెత్తి మూడుసార్లు ఊళ పెట్టాడు. మూడూ ఒకటే. జింకపిల్లలు బెదిరి తలోదిక్కుకూ పరిగెత్తాయి. ఒకటి మడుగులోనే పడింది.

జింకపిల్లలు ఒడ్డుకు చేరి కుదుటపడ్డాక నూకాలు గద్ద కూత కూసింది. శనగచేను దున్నినప్పుడు అడవికి వలస వచ్చిన కౌజుపిట్టలు నాలుగు అక్కడే నీళ్లు తాగుతున్నాయి. ఆ కూత చెవిన పడిందో లేదో నాలుగూ పొద కింద నేలకు అతుక్కుపోయాయి. పాము కూత కూసింది. నాలుగూ గాల్లోకి లేచాయి.

ఆఖరున కుక్క కూత కూసింది. ఈసారి కౌజుపిట్టల కంటే ముందు బుచ్చన్న కాళ్లు కదిలాయి. ఆ చేలోకి దొంగతనంగా దూరిన రోజుల్లో ఆ కూత వినగానే పారిపోవడం ఆ కాళ్లకు అలవాటు. రైతు కుక్క తరిమిందనుకుని అవి అతన్ని ఒక్క ఉదుటున తుమ్మల దాకా మోసుకుపోయాయి. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. అడవి మొత్తం అతన్నే చూస్తోంది.

"ఆ చేలో నువ్వున్న మాట నిజమే బుచ్చన్నా. ఏ పని మీద ఉన్నావో ఇప్పుడు తెలిసింది," అంది గౌరమ్మ.

కొండముచ్చు తాత నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా అంటూ కళ్లు తుడుచుకున్నాడు. బుచ్చన్న తుమ్మల వెనకనుంచి అటే వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వేసవిలో పగటిపూట మడుగు వైపు రాలేదు.

నూకాలు దిబ్బ మీదికి చేరింది. పదిరోజుల్లో నాలుగు గుడ్లు పెట్టింది. రేచుకుక్కలు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఆమె కూతకు మడుగు ఖాళీ కావడం చూసి, దారి మార్చుకున్నాయి. తీతువు కూత కీడన్న మాట ఆ అడవిలో మళ్లీ ఎవరూ అనలేదు. జింక తల్లులైతే అది వినపడకపోతే నీళ్లకే దిగేవి కావు.

గుడ్లు పిల్లలైన రోజున, ఎండ ఎక్కకముందే నూకాలు గంగులు దగ్గరికి వచ్చింది. ఆయన కొమ్ము మీద వాలి, నీకేమిచ్చి రుణం తీర్చుకోను తాతా అంది.

"నేనిచ్చిందేముందమ్మా. నీ దగ్గర ఉన్నదే అడిగాను."

"అవును తాతా," అంది నూకాలు. "కానీ అలా అడిగినవాడివి నువ్వొక్కడివే."

 ఆమె బెదరకుండా ఉండాలని గంగులు తల కదపకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

నీతి: అరువు తెచ్చుకున్న అనుభవం ఆకు మీద నిలుస్తుందేమో గానీ, అడిగేవాళ్ల ముందు నిలవదు.