బాట ఓడిన మనుబోతు

ఎర్రగుట్ట మీద ఎండాకాలం అడుగు పెట్టిందంటే ఊటలన్నీ ఇంకిపోతాయి. నీళ్ళు కావాలంటే అవతలి లోయలోని నల్లమడుగే దిక్కు. అక్కడికి పోయే బాట సగం రాళ్ళు, సగం తుమ్మముళ్ళు. నడుమ వానలకు కోసుకుపోయిన లోతైన వంక. పెద్ద కాళ్ళున్నవాళ్ళకే కష్టమైన దారి అది. అయినా ఆ గుట్ట మీద ఏ కుందేలు పిల్లా దాహంతో చావలేదు. అది మైలారప్ప చలవ.

మైలారప్ప మనుబోతు. ఎద్దంత ఒళ్ళు, గుర్రానికుండే కాళ్ళు. రోజూ పొద్దున్నే గుట్ట కింద మోకాళ్ళు వంచి కూర్చునేవాడు. కుందేలు పిల్లలు, కాలు విరిగిన దుప్పి కూన, కళ్ళు కనిపించని ముసలి ఉడుము, ఎవరికి అవసరముంటే వాళ్ళు ఆ వీపు మీదికి ఎక్కేవాళ్ళు. అతను లేచి పరుగందుకుంటే ఒట్టి వీపుతో పోయే దుప్పులు కూడా వెనకబడి దుమ్ము తినాల్సిందే. గతుకు వస్తే మోకాళ్ళలోనే మింగేసేవాడు, వీపు దాకా రానిచ్చేవాడు కాదు. వంకను ఒక్క దూకులో దాటేవాడు. నిద్రపోతూ ఎక్కిన పిల్ల నిద్రలోనే మడుగు చేరేది.

అంతటివాడికీ ఒక జబ్బు ఉంది. కోపం. ముక్కు మీదే ఉండేది. ఎవరైనా తక్కువ చేసి ఒక మాటంటే చెవులు వెనక్కి పోయేవి, ఆ తర్వాత బుర్ర తనది కాదన్నట్టు ఉండేవాడు.

ఈ సంగతి అందరికంటే బాగా కనిపెట్టినవాడు నక్క సుంకన్న. వాడి బాధ వాడిది. మైలారప్ప తిరిగినన్నాళ్ళూ ఆ బాట మీద ఒక్క చిన్న ప్రాణీ కింద నడవదు. వీపు చూస్తే అందనంత ఎత్తు, పరుగు చూస్తే అందనంత జోరు. పొద చాటున కూర్చుని లొట్టలేయడం తప్ప సుంకన్న చేయగలిగింది లేదు.

ఒక మధ్యాహ్నం మైలారప్ప పాలచెట్టు నీడలో నెమరేస్తుంటే సుంకన్న వచ్చి మర్యాదగా దూరంగా కూర్చున్నాడు.

"మామా, నువ్వు బాధపడతావని ఈ మాట చెప్పకూడదనుకున్నా," అన్నాడు.

"చెప్పకూడదనుకున్నోనివి ఇంత ఎండలో ఎందుకొచ్చినావు?"

"మనసు ఆగక వచ్చినా. ఆ కృష్ణజింక ఓబులేసు అంటాన్నాడు, మైలారప్పది పరుగు కాదు, దొర్లుడంట. బండను గుట్ట మీంచి తోసినా జోరుగానే పోతాది, దాన్ని పరుగంటామా అని నలుగురిలో నవ్వినాడు."

మైలారప్ప నెమరు ఆగిపోయింది. చెవులు వెనక్కి పోయాయి.

అక్కడి నుంచి సుంకన్న తిన్నగా ఓబులేసు దగ్గరికి పోయాడు. ఓబులేసుకు కొత్తగా కొమ్ములు మెలి తిరిగాయి, ఒళ్ళంతా పొగరు. మైలారప్ప నీ కాళ్ళను కాళ్ళు అనడంలేదు, రెల్లుపుల్లలంటున్నాడని వాడికి చెప్పాడు. వాళ్ళిద్దరిలో ఎవరూ అనని మాటలు ఇద్దరి చెవుల్లోనూ పడ్డాయి. సాయంత్రానికి గుట్టంతా పందెం గురించే మాట్లాడుకుంటోంది.

పందెం షరతులన్నీ సుంకన్నే చెప్పాడు. సున్నపుకుంట ఎండి చదునుగా ఉంది కాబట్టి దాని లోపల చుట్టూ తిరిగి పరిగెత్తాలి. నెగ్గినవాడిదే నల్లమడుగు బాట. ఓడినవాడు ఇక దాని మీద గిట్ట మోపకూడదు.

గుట్టలో అందరికంటే వయసైంది ఏదుపంది తిమ్మక్క. ఆమె ఒక్కతే అడ్డం మాట్లాడింది. బాట మీద ఎవరు మోయాలో కుంటలో తిరిగితే ఎట్లా తెలుస్తుందని అడిగింది. సుంకన్న నవ్వి, వేగం ఎక్కడైనా వేగమే కదా అత్తా అన్నాడు. తిమ్మక్క వాణ్ణి వదిలేసి మైలారప్ప వైపు తిరిగింది.

"నాయనా, ఆ షరతుకు ఒప్పుకోవద్దు. నువ్వు పరిగెత్తుతావో లేదో నీ ఇష్టం. బాటను మాత్రం మధ్యలోకి తేవద్దు."

"ముసల్దానివి, నీ పని నువ్వు చూసుకో," అన్నాడు మైలారప్ప. "వాడు నన్ను బండన్నాడు. ఏ షరతుకైనా సరే, నేను ఒప్పుకుంటాన్నా."

మరునాడు కుంట గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మొదటి ఒంపు దాకా మైలారప్పదే ముందు. నాలుగు అంగల్లో ఓబులేసును దాటి మొహాన దుమ్ము కొట్టాడు. ఒంపు వచ్చింది. కాళ్ళు తిరిగాయి గానీ ఒళ్ళు తిరగలేదు. అంత బరువూ బయటి వైపుకు లాగేసింది. డొక్క గట్టుకు రాసుకుపోయింది. వేగం చంపుకుని మళ్ళీ పుట్టించుకునేలోగా ఓబులేసు లోపలి నుంచి తోకెత్తుకుని జారుకున్నాడు. తిన్నగా ఉన్నచోట మైలారప్ప మళ్ళీ అందుకున్నాడు, ఒంపులో మళ్ళీ పోగొట్టుకున్నాడు. బాట మీదైతే ఒకసారి ఎత్తుకున్న పరుగును మడుగు దాకా ఆపే పని ఉండదు. ఇక్కడ ఎత్తుకున్న ప్రతి పరుగునూ ఆపాలి. ఆపి ఆపి గిట్టలు కాలిపోయాయి, మోకాళ్ళు వణికాయి, నోట్లోంచి నురగ కారింది. కోపమొచ్చి ఇంకా గట్టిగా దూకాడు. ఎంత గట్టిగా దూకితే ఒంపులో అంత దూరం విసిరేసింది. ఓబులేసు మాత్రం గాలికి తిరిగే ఎండుటాకులా తిరుగుతూనే ఉన్నాడు. ఆఖరి చుట్టుకు మైలారప్ప నడుస్తున్నాడు.

అప్పుడు మొదలైంది నవ్వు. ముందు పందిపిల్లలు, తర్వాత కోతులు, ఆ తర్వాత పొద్దున తన వీపు మీద ఎక్కి వచ్చిన కుందేళ్ళు కూడా నవ్వాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరకే అనలేదు. ఓడినందుకు కాదు, ఆ నవ్వుకు మైలారప్ప కళ్ళు ఎర్రబడ్డాయి. మీకు నీళ్ళెవరు పోస్తారో నేనూ చూస్తానని మనసులో అనుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుట్ట ఉత్తరపు వైపుకు వెళ్ళిపోయాడు.

మరునాటి పొద్దున ఓబులేసు బాట కిందికి వచ్చి వంగాడు. కుందేలు లచ్చుమమ్మ తన పిల్లల్ని ఎక్కించింది. సన్నటి వీపు, నున్నటి చర్మం, పట్టుకోవడానికి మైలారప్ప మెడ మీదిలాంటి జూలు కూడా లేదు. రాయి వచ్చినప్పుడల్లా ఓబులేసు తన అలవాటు ప్రకారం చెంగున ఎగిరాడు. బరువు లేకుండా ఎగరడం వేరు, బిడ్డలతో ఎగరడం వేరని వాడికెవరు చెప్పారు? వంక దగ్గర ఎగిరినప్పుడు చివరన కూర్చున్న పిల్ల జారి తుమ్మపొదలో పడింది. ఓబులేసు వెనక్కి తిరిగి వచ్చేసరికి పొద కదులుతోంది, పిల్ల లేదు. పరిగెత్తుకుంటూ వచ్చిన లచ్చుమమ్మకు పొద చాటున తోక ఒకటి కనిపించి మాయమైంది. ఆ తోక ఎవరిదో ఆమెకు తెలుసు.

అంత జరిగినా సుంకన్న అందరికంటే ముందే వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తోడేళ్ళు ఎక్కువైపోయాయి, కాలం మంచిది కాదన్నాడు.

లచ్చుమమ్మ ఏడవలేదు. ఆ మధ్యాహ్నం గుట్ట చుట్టి ఉత్తరపు వైపుకు పోయి మైలారప్ప ఎదురుగా నిలబడింది. అరచేతంత ప్రాణి, కోపానికి ఒళ్ళంతా అదురుతోంది. జరిగింది చెప్పింది. నువ్వు కూడా నవ్వినావు కదా అన్నాడు మైలారప్ప.

"నవ్వినాను. దానికి నా బిడ్డ పోయింది. ఇంకా ఏం కావాల నీకు?" అందామె. "నీ కోపం నీది, నీ పరువు నీది. పందెంలో పెట్టుకుంటే పెట్టుకో. ఆ బాట నీదా? మా పిల్లలు నీళ్ళకు పోయే బాటను పందెంలో పెట్టడానికి నువ్వెవరు?"

మైలారప్పకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళలో తన మీద తనకు కోపం రావడం అదే మొదటిసారి.

ఆమె వెళ్ళిన కాసేపటికి ఓబులేసు వచ్చాడు. కొమ్ములు నేలకు వంచి, నీ బాట నువ్వు తీసుకో మామా, నాకొద్దు అన్నాడు. నన్ను బండ అనేముందు ఆ మాట తోచలేదా అని మైలారప్ప అడిగాడు. ఓబులేసు తెల్లబోయి, నేనెప్పుడన్నాను, నువ్వే కదా నా కాళ్ళను రెల్లుపుల్లలన్నావు అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటలు మోసుకొచ్చిన నోరు ఒక్కటేనని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఓబులేసు కొమ్ములు విసురుతూ ఇప్పుడే పోయి పొడిచేస్తానన్నాడు. నిన్నటి మైలారప్ప అయితే వాడికంటే ముందే పరిగెత్తేవాడు. ఈసారి పళ్ళు బిగించి తిమ్మక్క దగ్గరికి నడిచాడు. ముందు తాను అన్న మాటకు క్షమించమన్నాడు.

"నక్కను నా వీపు మీదికి ఎక్కించు అత్తా. తక్కింది నేను చూసుకుంటా."

మరునాటి పొద్దున తిమ్మక్క అందరినీ పిలిపించింది. బాట నెగ్గినవాడు ఓబులేసు కాబట్టి దాని మీద ఎవరిని పిలవాలన్నా హక్కు వాడిదే. మైలారప్పను ఇంకొక్కసారి బరువుతో పరీక్ష చేయాలని వాడు కోరాడు. మైలారప్ప తడబడితే ఎర్రగుట్టే వదిలిపోవాలి. పిల్లల్ని ఎక్కించడానికి తల్లులు భయపడుతున్నారు గనుక బరువుగా పెద్దమనిషి ఎవరైనా కూర్చుంటే మేలని తిమ్మక్క అంది.

"పందెం షరతులు చెప్పినోడు సుంకన్న. తప్పు పట్టడంలో వానిని మించినోడు లేడు. వాడే ఎక్కి, యాడ తడబడతాడో దగ్గర నుంచి చూసి చెప్తే బాగుంటాది."

అందరూ తలలు ఊపారు. కాదంటే అనుమానం వస్తుంది. పైగా సుంకన్నకు లోపల ఇంకో లెక్క ఉంది. కోపం తెప్పిస్తే వీడు కుంటలో తడబడి ఓడాడు. వంక దగ్గర ఒక్క మాట అంటే ఇక్కడా తడబడి పడతాడు, తాను అవతలికి దూకేయొచ్చు. దర్జాగా ఎక్కి కూర్చున్నాడు.

మైలారప్ప లేచి పరుగందుకున్నాడు. వంక దగ్గరపడుతుంటే సుంకన్న చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టాడు.

"ఏం మామా, దొర్లుతాండావా? మొన్న నవ్విన నవ్వులు ఇంకా వినపడతాండాయా?"

అదే మంట మళ్ళీ చెవుల్లోకి ఎక్కింది. కుంటలో అది కళ్ళకు అడ్డం పడింది. ఇక్కడ ముందున్న బాటలో ప్రతి రాయీ మైలారప్ప గిట్టలకు తెలుసు. చూడాల్సిన పని లేదు, తిరగాల్సిన పని లేదు. మంటనంతా కాళ్ళలోకి దింపాడు. వంక ఎప్పుడు దాటిందో సుంకన్నకు తెలియనే లేదు, వీపు అంత నిలకడగా ఉంది. వాడు ఇంకా ఘాటుగా తిట్టాడు. మైలారప్ప ఇంకా జోరు పెంచాడు. తుమ్మచెట్లు రెండు పక్కలా గోడల్లా వెనక్కి పోతున్నాయి. అప్పటికి గానీ సుంకన్నకు ఈ ఒంటి బరువు బాట మీద ఏం చేస్తుందో అర్థం కాలేదు. దూకుదామని చూశాడు. కింద రాళ్ళు గీతల్లా కనిపించాయి. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడాడు.

నల్లమడుగు వచ్చింది. ఆగలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ అవతలి గట్టెక్కాడు.

"మడుగు దాటిపోయినాం మామా. చాలు, ఆపు," అన్నాడు సుంకన్న. గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

"తుమ్మపొదలో ఆ పసిదాన్ని పట్టుకున్నప్పుడు, అది చాలనలేదా నీతో?"

సుంకన్న ప్రమాణాలు చేశాడు. తోడేలని ఒకసారి, ఆకలికి తప్పలేదని ఒకసారి అన్నాడు. మైలారప్ప పరుగు తగ్గించలేదు. చేల నడుమ గొర్రెల కాపరులు ముళ్ళకంప నాటి మంద తోలిన చోటు కనిపించింది. అక్కడి కుక్కలు అప్పటికే చెవులు నిక్కించాయి. కంప దాకా అదే జోరుతో పోయి మైలారప్ప ముందు కాళ్ళు రెండూ నేలలోకి దిగగొట్టాడు. అతను ఆగాడు. సుంకన్న ఆగలేదు. కొమ్ముల మీదుగా ఎగిరి కంప అవతల, కుక్కల మధ్యలో పడ్డాడు.

ఆ సాయంత్రం లచ్చుమమ్మ మిగిలిన పిల్లల్ని తెచ్చి మైలారప్ప వీపెక్కించింది. అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. అతనూ ఆశించలేదు. పిల్లలు జూలు గట్టిగా పట్టుకున్నారో లేదో తిరిగి చూసుకుని నడక మొదలుపెట్టాడు.

సుంకన్న చావలేదు. ఒక చెవీ, సగం తోకా కుక్కలకిచ్చి పారిపోయి, అవతలి గట్టున ఒక బొరియలో దూరాడు. మడుగు దాటి ఎర్రగుట్టకు వచ్చే దమ్ము వాడికి మళ్ళీ రాలేదు. నీళ్ళకు పోవాలన్నా గిట్టల చప్పుడు దూరమయ్యేదాకా బొరియలోనే పళ్ళు నూరుకుంటూ ఉంటాడు.

మోసేవాడి సత్తా మోతలో తెలుస్తుంది, గంతుల్లో కాదు.