సీసాలో తూర్పు

"రత్నం! ఓ రత్నం! నీ సీసా నోరు మూసుకుందే!"

అలా కేకపెట్టింది, అనగనగా భీమవరంలో ఒక అత్తగారు. ఆవిడ పేరు మాణిక్యాంబ. ఆ కేకకి చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది కోడలు రత్నకుమారి. పెళ్ళై ఆర్నెల్లే అయింది. ఈ నాలుగు రోజుల్లో మొగుడి మొహం కంటే సీసా మొహమే ఎక్కువ చూసింది, పాపం.

ఏం సీసా అంటావా చిట్టితల్లీ? చెప్తాను. కాళ్ళు ముడుచుకో, దుప్పటంతా నువ్వే లాక్కోకు.

రత్నం మొగుడు గోవర్ధనం. ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. అతనికో పిచ్చి ఉండేది. వీధి గదిలో అద్దాల తొట్టి పెట్టి, అందులో నీళ్ళ మొక్కలు పెంచేవాడు. నీళ్ళలో మునిగిన బుజ్జి అడివి అనుకో. ఆ ఆకుల సందుల్లో గోరంత చేపలు ఎర్రగా, నీలంగా తిరిగేవి. "చేపల ఊళ్ళో పుట్టి చేపని చూస్తూ కూచుంటాడేమిటే వీడు, పులుసు పెట్టుకోక!" అని మాణిక్యాంబ గొణిగేది.

మొక్కకీ ఆకలేస్తుందమ్మా. నువ్వూ నేనూ వదిలేసే గాలే దానికి అన్నం. నీళ్ళలో ఆ గాలి చాలదు. అందుకని గోవర్ధనం ఇంట్లోనే ఒక ఏర్పాటు చేశాడు. పెద్ద కూల్‌డ్రింకు సీసాలో పంచదార నీళ్ళు పోశాడు. అందులో రొట్టె పిండిని పొంగించే పొడి వేశాడు. దాని పేరు ఈస్టు. అది పులిసి గాలి పుట్టిస్తుంది. సీసా మూతకి సెలైన్ గొట్టం బిగించి, రెండో కొసని తొట్టిలో ముంచాడు. ఇంకేం, బుడుంగు, బుడుంగు, బుడుంగు. మొక్కలకి పండగ.

అంతలో ఫ్యాక్టరీ వాళ్ళు అతన్ని పది రోజుల పని మీద పారాదీపు పంపారు. వెళ్తూ వెళ్తూ రత్నం గడ్డం పట్టుకున్నాడు. "మొక్కల్నీ చేపల్నీ నీ చేతుల్లో పెడుతున్నాను. ఇంటరు చదివినదానివి, నీకు చెప్పాలా?" అన్నాడు.

ఆ మాటకి రత్నం గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఆ పిల్ల ఇంటరు చదవలేదు. అయిదుతోనే బడి మానేసింది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న 'ఇంటరు' అనేశాడు. ఆయన అనేసి ఊరెళ్ళిపోయాడు, అబద్ధం మాత్రం పిల్ల నెత్తిన కూచుంది. బయటపడితే మొగుడి కళ్ళలో ఆ మురిపెం ఆరిపోతుందేమోనని భయం. అందుకే అతనేం అడిగినా "తెలుసండీ" అనేది.

సరే, సీసా నోరు మూసుకుంది కదా. అప్పుడు గోవర్ధనం ఫోను చేశాడు. వెనకాల మిషన్ల రొద. బుడగలు ఆగిపోయాయని చెప్పింది రత్నం.

"ఈస్టు మార్చు రత్నా! తెలుసుగా?"

"తెలుసండీ."

ఎందుకు తెలీదు? వాళ్ళ వీధిలో కట్టే ప్రతి ఇంటి ముందూ 'ఈస్టు ఫేసింగు' అని తెలుగులో బోర్డు వేలాడుతుంటేనూ! ఈస్టంటే తూర్పు. మార్చడమంటే తూర్పుకి మార్చడం. అత్తాకోడళ్ళిద్దరూ కలిసి సీసాని పడమటి గోడ దగ్గర్నుంచి తీసి తూర్పు కిటికీలో పెట్టారు. "వాస్తు తప్పితే సీసా మాత్రం ఏం పనిచేస్తుందే!" అంది మాణిక్యాంబ.

చోద్యం చూడు! పొద్దుటెండ తగిలి సీసా వెచ్చబడింది. వెచ్చబడేసరికి పులియడం జోరందుకుంది. బుడుంగు, బుడుంగు. ఆ తప్పుడు గెలుపుకి ఇద్దరూ ఎంత మురిసిపోయారో!

ఆ తర్వాత రెండు రోజులకి బుడగలు మళ్ళీ నీరసించాయి. మళ్ళీ ఫోను.

"ఇంకో రెండు గుప్పెళ్ళ పంచదార వేసి, ఈస్టు ఇంకొంచెం పెంచు."

"తెలుసండీ."

"ఇంకా తూర్పంటే ఎక్కడికే? కిటికీ దాటితే వీధేగా!" అని మాణిక్యాంబ తల పట్టుకుంది. రత్నానికీ ఒళ్ళు మండిపోయింది. సీసాకి దిక్కులేమిటో, ఆ దిక్కుల్లో ఎక్కువ తక్కువలేమిటో! అయినా పంచదార పోసి, తాడు కట్టి, సీసాని కిటికీ బయట ఊచలకి వేలాడదీసింది. ఆనపకాయలా ఊగుతోంది అది.

పది గంటలయ్యేసరికి సీసా కుతకుతలాడింది. నురగంతా గొట్టంలో పాకి తొట్టిలో పడింది. నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి. ఇల్లంతా పులిసిన కల్లు వాసన. పక్కింటావిడ ముక్కు మూసుకుని, "ఏం మాణిక్యాంబగారూ, ఇంట్లోనే మొదలెట్టారా?" అంది.

"మొదలెట్టాం, ముంత తెచ్చుకో!" అని మాణిక్యాంబ తలుపు దభాలున వేసింది.

అప్పుడు చేపలు ఒక్కొక్కటే పైకి తేలి నోళ్ళు తెరిచాయి.

ఆ నోళ్ళు చూడగానే రత్నం తొట్టి దగ్గరికి ఉరికింది. ఈ సంగతి ఆ పిల్లకి నిజంగానే తెలుసు. వాళ్ళ నాన్న ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద కాపలా. ఆయనకి తోడు వెళ్ళడానికే బడి మానేసింది. చేప పైకొచ్చి నోరు తెరిచిందంటే దానికి ఊపిరాడ్డం లేదన్నమాట. చటుక్కున గొట్టం పీకేసింది. సగం నీళ్ళు తోడేసింది. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళని చెంబుతో ఎత్తు నుంచి ధార కట్టి పోసింది. ఒక బిందె, రెండు బిందెలు, మూడు బిందెలు. చేతులు పడిపోయాక చేపలు కిందికి దిగాయి.

ఆ తర్వాత ఊరుకుందా? పాలు పొంగితే కింద పళ్ళెం పెట్టుకోమూ? అలా గొట్టానికి మధ్యలో ఇంకో చిన్న సీసా అమర్చింది. ఇక నురగొచ్చినా ఆ సీసాలోనే ఆగుతుంది. గాలి ఒక్కటే ముందుకి పోతుంది. ఆ పని ఎవరూ చెప్పలేదు తల్లీ, తనకే తోచింది.

మూడోసారి ఫోనొచ్చింది. నురగ పొంగిన సంగతి రత్నం చెప్పింది. "అయితే పాత సీసా కడిగేసి కొత్త ఈస్టు వెయ్యి. అలమరలో మూడు డబ్బాలున్నాయి. ఒకదాన్లో ఈస్టు, ఒకదాన్లో సోడా, ఇంకోదాన్లో మొక్కల మందు. పేరు చూసి చెంచాడు వెయ్యి. తెలుసుగా?"

"తె... తెలుసండీ."

రత్నం ఫోను పెట్టేసింది.

"కొత్త తూర్పేమిటే? అదీ డబ్బాలోనా?" అంది మాణిక్యాంబ.

అప్పటికి రత్నానికి వెలిగింది. ఈస్టంటే పొడి! ఛీ ఛీ, పులియబెట్టే పొడి అని ఒక్క తెలుగు ముక్క అని ఉంటే ఏం పోయేది ఈ మనిషికి? ఇడ్లీ పిండి పులియబెట్టడం తనకి రాదా? ఇన్నాళ్ళూ సీసాని పట్టుకుని ఇల్లంతా దిక్కులు తిప్పిందే!

అలమర తీస్తే మూడు డబ్బాలు. మూడింటి మీదా ఇంగ్లీషు.

"చదువు మరి, ఇంటరు చదివావుగా! నాకెటూ రాదు," అంది మాణిక్యాంబ.

రత్నం చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏదో ఒకటి వేసేద్దామా? మళ్ళీ ఆ నోళ్ళు గుర్తొచ్చాయి. చెంచా కింద పెట్టి, మొదటిసారి తనే ఫోను చేసింది.

"ఏవండీ, ఏ డబ్బా?"

"మీద రాసుంది కదా, చదువు."

రత్నం ఒక డబ్బాని అటూ ఇటూ తిప్పింది. అత్తగారు పక్కనే చెవి ఒగ్గి నిలబడి ఉంది.

"ఏం, చీకట్లో కనపడ్డం లేదా? సరేలే, పసుపు మూతది," అన్నాడు గోవర్ధనం.

చూశావా చిట్టితల్లీ, గండం గడిచిపోయింది. మూత రంగు తెలిసింది, చేపలకి భయం లేదు, మొక్కల ఆకలి తీరుతుంది. "తెలుసండీ" అని పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. రత్నం నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆ అబద్ధాన్ని మోసీ మోసీ విసుగెత్తిపోయింది.

"చీకటి కాదండీ. గదిలో వెలుతురు బోలెడుంది. నాకే ఇంగ్లీషు చదవడం రాదు. మా నాన్న చెప్పిన ఇంటరు అబద్ధం. నేను చదివింది అయిదే."

కథ కంచి దారి పట్టె,
కన్ను కునుకు దారి పట్టె,
మనం ఇంటి దారి పట్టాం,
దుప్పటి మెడ దాకా కప్పాం.