గోడవైపు తిరిగిన ఉస్తాద్

సత్యవేణి లాప్‌టాప్‌లో తేదీ మళ్ళీ వెనక్కి పోయింది.

ఊరికే పోతే నవ్వుకునేదే. అది పోయినప్పుడల్లా పరీక్ష కూడా పోతోంది. ఇంటినుంచి చేసుకునే ఉద్యోగానికి ఒక కంపెనీ పెట్టే పరీక్ష అది. పొద్దున తొమ్మిదికి లాప్‌టాప్‌లో రాయాలి. పావుగంట దాటితే లోపలికి రానివ్వరు. తేదీ తప్పుగా ఉన్న మిషన్‌ని ఆ సైట్ నమ్మదు, పేజీ తెరవదు. మొదటిసారి నెట్ లేదనుకుని రౌటర్ దగ్గరే ఆ పావుగంటా పోగొట్టుకుంది. రెండోసారికి తేదీ సంగతి తెలుసు గానీ, మళ్ళీ తప్పిందని గమనించి సరిచేసేసరికి గడువు దాటిపోయింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం, శుక్రవారం.

ఆమెకు పరీక్ష కంటే పెద్ద భయం ఇంకొకటుంది. ముందురోజు తేదీ తానే సరిచేసినట్టు గుర్తు. తెల్లారి చూస్తే పాత ఏడాది ఉంటుంది.

"నువ్వు సరిచెయ్యలేదు వేణీ, చేశాననుకున్నావు," అంటాడు భర్త సాంబశివ, టీ చల్లార్చుకుంటూ, ఎంతో జాలిగా. "ఉద్యోగాలు నీవల్ల కావులే. మీ అమ్మకీ ఇట్లాగే కదా మొదలైంది."

వాళ్ళమ్మని చివరి రెండేళ్ళూ గదిలో ఉంచి బయట గడియ పెట్టారు. ఆ చప్పుడు ఇప్పటికీ సత్యవేణి చెవుల్లోంచి పోలేదు.

సోమవారం ఆమె లాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుని షాపుకి తెచ్చింది.

తెనాలి బస్టాండు వెనక సందులో ఉన్న ఆ రిపేరు షాపు ఖాతూన్‌బీది. రేడియోలతో మొదలుపెట్టి లాప్‌టాప్‌ల దాకా వచ్చిన మనిషి. "ఓనరు లేడా అమ్మా?" అని అడిగే మగవాళ్ళకి, "ఉన్నాడు, నీ ఎదురుగానే గాజులేసుకుని కూర్చున్నాడు," అని చెప్తుంది. ఏడు నెలలుగా ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న సత్యవేణి ఆమెను ఉస్తాద్ అని పిలుస్తుంది.

"ఉస్తాద్, నా మిషన్‌లో గడియారం సెల్ పోయినట్టుంది. మార్చేద్దాం."

"పోయినట్టుందా, పోయిందా?"

సత్యవేణి స్క్రూడ్రైవర్ అందించింది.

ఖాతూన్‌బీ స్క్రూలు విప్పి, మిషన్ ఆపినా తేదీని గుర్తుంచే, రూపాయి బిళ్ళంత సెల్‌ని బయటికి తీసి మీటరు పెట్టింది. మూడు వోల్టులు చూపించింది. ఆరోగ్యంగా ఉన్న సెల్.

సత్యవేణి ఆ సెల్ చచ్చి ఉండాలని పొద్దుట్నుంచీ మొక్కుకుంటోంది. సెల్ బాగుందంటే, చెడింది తన బుర్రే.

"మీటరు తప్పేమో ఉస్తాద్."

"మీటరు నీలాంటిది కాదులే. ఎవరో కసిరితే అంకె మార్చుకోదు."

అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించింది. "మీటరు ముందు బాగానే ఉండి, పనిలో పెడితే పడుకునే సెల్‌లు కూడా ఉంటాయి. చూద్దాం."

సత్యవేణి ఆ సెల్‌ని షాపులో ఉన్న ఒక పాత లాప్‌టాప్‌లో పెట్టి, దాని పెద్ద బ్యాటరీ తీసేసింది. ఇక టైమును ఆ చిన్న సెల్ ఒక్కటే మొయ్యాలి. తన లాప్‌టాప్‌లో కొత్త సెల్ వేసింది.

మిషన్ ఆన్ అయి పాస్‌వర్డ్ అడిగింది. ఖాతూన్‌బీ స్టూలు గిర్రున తిప్పి గోడవైపు కూర్చుంది. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా అంతే. ఆ షాపులో స్క్రూడ్రైవర్ పట్టడం కంటే ముందు నేర్పే పాఠం అది.

"మీరు చూసినా పర్లేదు ఉస్తాద్. అది మా ఆయన పెట్టిందే. పెళ్ళైన కొత్తలో. మన మధ్య దాపరికం ఏముంది అన్నారు."

"ఆయన ఫోన్‌ది నీకు తెలుసా?"

సత్యవేణి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

రెండు మిషన్‌లలోనూ తేదీ సరిచేశారు. ఖాతూన్‌బీ ఒక చీటీ ఇచ్చింది. "ఇదివరకు చూసిన తప్పు తేదీలు గుర్తుంటే ఇందులో రాయి. రేపు పొద్దున ఏం కనిపిస్తే అదీ రాయి."

మంగళవారం పొద్దున లాప్‌టాప్ తెరిస్తే, రెండేళ్ళ కిందటి నవంబరు.

"కొత్త సెల్ వేశామన్నావు?" అన్నాడు సాంబశివ పేపరు వెనకనుంచి. "ఎవరికైనా చూపిద్దాం వేణీ. ఇప్పుడు మంచి మందులున్నాయి."

సత్యవేణి షాపు మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. "నాకే ఏదో అయింది ఉస్తాద్," అంది, కూర్చోకుండానే.

ఖాతూన్‌బీ నిన్న ఆ సెల్ పెట్టిన మిషన్ దగ్గరికి వెళ్ళింది. పాత లాప్‌టాప్ ఆన్ చేసింది. మంగళవారం, తొమ్మిదీ నలభై. గోడ గడియారంలోనూ తొమ్మిదీ నలభయ్యే. సత్యవేణి పాత సెల్ ఒక్క నిమిషం కూడా జారలేదు.

ఖాతూన్‌బీ చెయ్యి చాచి చీటీ తీసుకుంది. మూడు తేదీలున్నాయి. మూడూ వేరువేరు ఏళ్ళు, వేరువేరు నెలలు.

"చచ్చిన సెల్ ఎప్పుడూ ఒకే తేదీకి పోతుంది, పిల్లా. మిషన్ పుట్టిన తేదీకి. సారికో తేదీ ఏరుకునేంత తెలివి దానికి లేదు."

సత్యవేణి చీటీలోని మూడు తేదీలూ మళ్ళీ చదివింది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. పాస్‌వర్డ్ తెలిసిందీ ఆ ఇద్దరికే.

నిన్నటిదాకా తనను చూసి తను భయపడింది. ఇప్పుడా భయానికి, రోజూ ఎదురుగా కూర్చుని టీ చల్లార్చుకునే మనిషి మొహం వచ్చింది.

వాళ్ళమ్మకి మతి పోయిందని మొట్టమొదట అన్నదెవరో కూడా గుర్తొచ్చింది. డాక్టరు కాదు. నాన్న.

ఖాతూన్‌బీ ఆమె లాప్‌టాప్‌ని ముందుకు లాక్కుని, పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ తెరిచి, ఆమె ముందుకు జరిపింది. స్టూలు తిప్పి గోడవైపు కూర్చుంది.

"శుక్రవారం ఎనిమిదికే షటర్ ఎత్తుతాను," అంది గోడతో.

"ఉస్తాద్... ఎందుకు మార్చావని ఆయన అడిగితే?"

"మార్చావని ఎట్లా తెలిసిందో చెప్పమను."

గోడమీద వెలిసిపోయిన క్యాలెండరు తప్ప ఏమీ లేదు. ఖాతూన్‌బీ దాన్నే చూస్తూ కూర్చుంది, ఎంత సేపైనా కూర్చునేట్టు.

తనకోసం అటు తిరిగి కూర్చున్న ఆ వీపుని సత్యవేణి కాసేపు చూసింది. 

కొత్త పాస్‌వర్డ్ మొదటి అక్షరం కొట్టింది.