కండె అయిపోయినప్పుడల్లా

ఏది ముందు, ఏది వెనక అన్నది కాస్త తారుమారు కావచ్చు. జరిగింది మాత్రం ఇదే.

గరిడీలో కర్రసాము నేర్పే గురువు పోలినాయుడు ఎవరేమడిగినా వాదానికి దిగేవాడు కాదు. అడిగినవాణ్ణి ఎక్కడికో ఒకచోటికి పంపేవాడు. ఆ ఏడు అమ్మవారి జాతరలో జట్టుకు ముందు నడిచి కర్ర తిప్పే వంతు నేతపని దేవుళ్ళుకు దక్కిందని తెలిసిన దగ్గర్నుంచీ కిరాణా కొట్టు విశ్వనాథానికి అన్నం సయించడం లేదు. పన్నెండేళ్ళుగా ఆ చోటు తనది.

ఆ ఆదివారం సాము అయ్యాక ఇక ఉండబట్టలేక అడిగేశాడు. “గురువుగారూ, వారమంతా కొట్టుతో నాకు ఊపిరాడదు. అయినా ఆదివారం నాలుగు గంటలు ఒళ్ళు హూనం చేసుకుంటున్నాను. పొద్దస్తమానం మగ్గం గుంటలో కూర్చునేవాడికి నన్ను మించిన బలం ఎక్కణ్ణించి వచ్చింది? వాడికి వేరే ఏమైనా నేర్పుతున్నారా?”

“రేపు కొట్టు మూసి, వాడింట్లో కూర్చుని రా” అన్నాడు గురువు.

వెళ్ళి చూస్తే కిటుకు తెలిసింది. అవతలి గోడవార దేవుళ్ళు భార్య రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుట్టి బుట్టలో వేస్తోంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె అయిపోయినప్పుడల్లా దేవుళ్ళు గుంటలోంచి పైకి వచ్చి, కూర్చుని లేస్తూ పది బస్కీలు తీసి, కొత్త కండె తెచ్చుకుని మళ్ళీ దిగుతున్నాడు. ఎండ పెరట్లోకి వచ్చేసరికే వంద దాటాయి.

“నువ్వు లేవకు తమ్ముడూ, నేనందిస్తాను” అంటూ విశ్వనాథం పీట లాక్కున్నాడు. పెద్దవాడి మాట కాదనలేక దేవుళ్ళు ఊరుకున్నాడు. అక్కణ్ణించి కండె కండెకూ విశ్వనాథమే లేచాడు, గోడదాకా నడిచాడు, వంగి తీశాడు, తెచ్చిచ్చి కూర్చున్నాడు.

“కొట్లో ఉప్పు పొట్లం కూడా కూర్చున్న చోటినుంచే విసురుతావు కదన్నా, ఇవాళేటి మా మీద ఇంత దయ?” అంది దేవుళ్ళు భార్య. విశ్వనాథం మరో కండె అందుకున్నాడు.

సాయంత్రం విశ్వనాథం గురువు ఇంటి అరుగు ఒక్క అంగలో ఎక్కాడు. మామూలుగా ఆదివారం సాము నొప్పులతో సోమవారాలు మోకాళ్ళు పట్టుకుని ఎక్కే మనిషి.

“మధ్యాహ్నం నుంచి వాణ్ణి ఒక్కసారి లేవనివ్వలేదు గురువుగారూ. లేవబోయినప్పుడల్లా నేనే ముందు లేచాను. జాతరదాకా రోజూ వెళ్తాను.”

పోలినాయుడు చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

“ముందు కర్ర ఈ ఏడు వాడిదే నాయనా. నీకు దిగులక్కర్లేదు. రోజూ ఇలాగే అసూయపడితే, వచ్చే ఏటికి నీదే.”

పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో ఆ ఊరు తెలిసిన మా మరిది కూతురు సుగుణ ఒకసారి చూడాలి.