రానివాడి పీట

కొండమీద ఒక విద్యాలయం ఉండేది. కొండ దిగువన దాని అచ్చుశాల ఉండేది. అచ్చుశాల గుమ్మం పక్కన ఎవరూ కూర్చోని పీట ఒకటి ఉండేది.

అచ్చుశాల పెట్టించిన మొదటి గురువు పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "పదిమందీ ఎగబడి కొనే పుస్తకాన్ని బజారే చూసుకుంటుంది. ఏ ఒక్కడికో అక్కరపడే పుస్తకానికి మనం తప్ప దిక్కులేదు. లాభం అడగకండి. అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒకటి ఈ పీటమీద పెట్టండి. అది ఇంకా రానివాడిది."

అక్షరాలు కూర్చే ముసలివాడు ఆ మాట పట్టుకునే బతికాడు. గురువులు మారారు. పీటమీద దొంతర పెరిగి చూరు తాకింది. ఎవరూ రాలేదు. ముసలివాడు మాత్రం రోజూ దుమ్ము దులిపేవాడు.

కొత్తగా వచ్చిన అధికారి ఆ దొంతర చూసి నవ్వాడు.

"ఏం తాతా, నీ చుట్టం ఇంకా రాలేదా?"

"వస్తాడయ్యా."

"రానివాడికి ఇన్ని పుస్తకాలెందుకు? ఇవి పాతకాగితాలకి అమ్మేసి, ఉన్నవాళ్ళకి క్యాలెండర్లు వేద్దాం."

"అవి నీవీ కావు, నావీ కావు. పరాయి సొత్తు అమ్ముతావా?"

"ఆ పరాయివాణ్ణే వచ్చి అడగమను."

ముసలివాడు దొంతరను వాటేసుకున్నాడు. బంట్రోతులు అతని చేతులు విడదీశారు. గిడ్డంగిలోవీ పీటమీదవీ కలిపి పాతకాగితాల బండికెక్కించారు. పీట మిగిలింది. ముసలివాడు దాన్నే తుడవసాగాడు.

ఆ ఎండాకాలం ఒక బాటసారి వచ్చాడు. కాళ్ళకి ఎర్రమట్టి, చేతిలో నూనె మరకల కాగితం.

"సంతలో పల్లీలు కట్టిచ్చిన పొట్లం ఇది, తాతా. అడుగున మీ అచ్చుశాల పేరుంది. మా ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. మిగతా పుస్తకం కావాలి."

ముసలివాడు చదివాడు. "నీరింకిన నేలలో ఇంకా కిందికి తవ్వి ప్రయోజనం లేదు. తవ్వవలసింది" అన్నచోట పుట అయిపోయింది.

"ఎటు తవ్వాలి?" అన్నాడు బాటసారి.

ముసలివాడు తన చేతులకేసి చూసుకున్నాడు. ఆ పుట కూర్చింది ఆ చేతులే.

"ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు నాయనా. ఏం చెప్పిందో మాత్రం ఒక్కనాడూ చదవలేదు. చదవాల్సింది నువ్వు కదా అనుకున్నాను."

"రాసినాయనేడీ?"

"ఎప్పుడో పోయాడు."

లోపలినుంచి అధికారి తొంగిచూశాడు. "చూశావా తాతా! నువ్వు దాస్తే రానివాడు, నేనమ్మితే వచ్చాడు."

ముసలివాడు తుడిచిన పీట ముందుకు జరిపాడు. బాటసారి దానిమీద కూర్చోలేదు. కాగితం దానిమీద పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, తను నేలమీద చతికిలబడ్డాడు.

"తర్వాతి పుట ఇంకెవడి పొట్లానికైనా రాకపోతుందా," అన్నాడు.

ముసలివాడు అతని పక్కనే కూర్చున్నాడు. సంతలో పల్లీలు కమ్మగా వేగుతున్నాయి. తిన్నవాళ్ళు తిన్నట్టే పొట్లాలు నలిపి పారేస్తున్నారు.