మసిగోడ గుర్రానికి పిడికెడు గడ్డి

ఉదయం ఏడు గంటలు. సన్నని మంచు, పలచని ఎండ. మాఘమాసం తొలి ఆదివారం పాతరమిట్టకు వచ్చే భక్తుల చేతిలో కొబ్బరికాయ ఉండదు, పిడికెడు పచ్చగడ్డి ఉంటుంది. ఇక్కడి పాతరమ్మకు విగ్రహం లేదు. పిల్లల బొమ్మలతో నిండిన నల్లని రాతిగోడే అమ్మవారు.

పూర్వం ఇక్కడ ఇద్దరు పాలెగాళ్ళ నడుమ పోరు జరిగింది. గుర్రపుదండు వస్తోందని తెలిసి, సున్నం కాల్చే ఓబులమ్మ తన కూతురు సుంకులుతో కలిపి పదకొండుమంది పిల్లలను ధాన్యం పాతరలో దాచింది. దండు ఊరు కాల్చిపోయింది; పాతర పక్కనున్న రాతిగోడ మసిబారి మిగిలింది. మూడోనాడు పాతర మీది బండ తీస్తే అందరూ బతికే ఉన్నారు. ఒక్కరి నోటా మాట లేదు.

నెల గడిచినా సుంకులు ‘అమ్మా’ అనలేదు. ఒక మధ్యాహ్నం ఓబులమ్మ కునుకులో పాతరమ్మ కనిపించింది. “నాకు గుడి వద్దు. ఆ మసిగోడ పిల్లలకియ్యి. పెద్దల చెయ్యి పడనీకు” అన్నది.

ఓబులమ్మ జాజురాయి నూరి ఎర్రరంగు తీసింది, సున్నం కలిపింది. పిల్లలు వేళ్ళు ముంచారు. ఒకరు కోడిని, ఒకరు పొయ్యిని గీశారు. సుంకులు ఎర్రని జాజుతో పెద్ద గుర్రాన్ని గీసింది.

“ఊరు తొక్కిపోయిన గుర్రమా! నీ బిడ్డకు ఇంకేం దొరకలేదా మే?” అన్నాడు పెద్దరికం చేసే గురవయ్య.

ఓబులమ్మ బెదిరింది. అమ్మవారి మాట మరచి గుర్రం మీద సున్నం పూసేసింది.

సుంకులు మళ్ళీ పాతరలోకి దిగి కూర్చుంది. మెతుకు ముట్టలేదు.

తెల్లవారి ఓబులమ్మ ఆ సున్నాన్ని గోళ్ళతో గీకింది. వేళ్ళు చిట్లాయి. గుర్రం సగమే బయటపడింది. ఆమె పాతర అంచున చతికిలబడింది. “పాపా, తప్పు నాదే. కాళ్ళు చెరిగిపోయినాయి. నాకు గీయను రాదు, నువ్వే రావాల.”

చాలాసేపటికి సుంకులు పైకెక్కింది. నాలుగు కాళ్ళూ గీసింది. వెనక్కి తిరిగి చూసింది.

“అమ్మా, దానికి ఆకలైతాంది. గడ్డి ఎయ్యి.”

ఓబులమ్మ బిడ్డను పొదువుకుంది. పరుగెత్తి గడ్డి తెచ్చినవాడు గురవయ్యే. ఆ పూట తక్కిన పిల్లలూ ఒక్కొక్కరే మాటల్లో పడ్డారు.

నేటికీ ఈ గోడకు వెల్ల వేయరు. పెద్దలు రంగులు కలిపి దూరంగా నిలబడతారు. బెదిరిన బిడ్డలు ఇక్కడ బొమ్మ గీస్తే పాతరమ్మ ఆ భయం తీస్తుందని నమ్మకం. పొద్దు వాలాక ఓబులమ్మ ఇంటి ఆడపడుచు పాతర అంచున నిలబడి, ఇళ్ళకు మళ్ళే పిల్లలను తల నిమిరి లెక్కపెడుతుంది. గింజలు కొలిచేటప్పటిలాగే ఒకటి అనదు. బండ తీసిననాడు ఓబులమ్మా అలాగే లెక్కపెట్టిందట: “లాభం, రెండు, మూడు...” పదకొండూ వచ్చేదాకా.