పేగులు కడిగిన ఉదయం

భావనారాయణను ఆస్పత్రి వాళ్ళు పరీక్ష పూర్తిచేయకుండానే పంపేశారు.

గోదావరి లంకలో అచలమ్మగారి ఆశ్రమానికి వచ్చినవాళ్ళకు శంఖప్రక్షాళన చేయించేది అతనే. గోరువెచ్చని ఉప్పునీళ్ళు తాగించి, ఆసనాలు వేయించి, పేగులు కడిగించడంలో మంచి పేరున్నవాడు. అలాంటివాడికే మలంలో రక్తం కనిపించింది. డాక్టరు పేగులోకి గొట్టం పంపి చూసే కొలొనోస్కోపీ పరీక్ష చేయించుకోమన్నాడు. ముందురోజు సాయంత్రం సగం, తెల్లవారుజామున సగం నీళ్ళలో కలుపుకుని తాగమని ఓ పొడి ఇచ్చాడు.

భావనారాయణ ఆ పొట్లం విప్పనేలేదు. తన ఉప్పునీళ్ళే తాగి వెళ్ళాడు.

"పేగు శుభ్రపడలేదు, లోపల సగం కూడా కనపళ్ళేదండీ. ఈసారి మేమిచ్చింది తాగి రండి," అన్నాడు డాక్టరు.

తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చి అచలమ్మ ముందు కూలబడ్డాడు.

"అమ్మా, మా తాతలు ఆముదం తాగేవారు. వైద్యంచేసే ఆచారిగారు సునాముఖి ఆకు కషాయం అంటారు. మనం ఉప్పునీళ్ళంటాం. వాళ్ళు ఈ పొడి అంటున్నారు. వీటిలో ఏది గొప్పదమ్మా?"

అచలమ్మ ఆ పొట్లం అడిగి తీసుకుంది. సాయంత్రం తనే పొట్లం విప్పి, డాక్టరు చెప్పినన్ని నీళ్ళు కొలిచి కలిపింది. ఓ గ్లాసు అతని చేతికిచ్చింది. ఇంకో గ్లాసులో మంచినీళ్ళు పోసుకుని ఎదురుగా కూర్చుంది.

"మీరెందుకమ్మా?"

"తాగు నాయనా."

అతను గుక్క తాగితే ఆమె గుక్క తాగింది. అతను మొహం చిట్లించి ఆగితే ఆమె కూడా ఆగింది. పరుగున దొడ్లోకి వెళ్ళి, నీరసంగా తిరిగొస్తే, ఆమె అక్కడే ఉంది. తెల్లవారుజామున మిగతా సగమూ అలాగే తాగించింది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు పేగులో పెరిగిన చిన్న కండ చూసి, అక్కడికక్కడే తీసేశాడు. గండం గడిచింది. అయినా భావనారాయణ తర్వాత తలుచుకునేది ఆ మధ్యాహ్నాన్ని కాదు, దానికి ముందు తెల్లవారిన పొద్దుని.

మంచు దిగింది. ఏరు, ఒడ్డు, ఆకాశం ఒకటే తెలుపు. ఎక్కడో తెడ్డు చప్పుడు. ఒళ్ళు దూదిలా తేలిపోతోంది. అరుగు మీద కూర్చున్నాడో నీళ్ళ మీద ఉన్నాడో అతనికే తెలియడం లేదు.

"ఇంకేం లేదమ్మా లోపల. ఒట్టి నీళ్ళే," అన్నాడు.

అచలమ్మ తన గ్లాసులో ఇంకొన్ని మంచినీళ్ళు పోసుకుంది.

మంచులోంచి అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళే పడవ ముక్కు మెల్లగా బయటపడింది.

"మా నాన్న పేగు జబ్బుతోనే పోయాడమ్మా," అన్నాడు భావనారాయణ. "డాక్టరు లోపల సరిగ్గా కనపళ్ళేదన్నప్పుడు... జబ్బు బయటపడలేదని నాకు హాయిగా అనిపించింది."

అచలమ్మ గ్లాసు కింద పెట్టి లేచింది. అతని చెయ్యి పట్టుకుని లేపింది.

"ఇప్పుడు ఖాళీ అయింది. పద నాయనా."